పార్కులో మోకాలి లోతు

పొద్దున్నే వాకింగుకి వచ్చేవాళ్ళు మునిసిపల్ పార్కు గేటు దగ్గరే ప్యాంట్లు మోకాళ్ళ పైకి మడుచుకుంటారు. ఆడవాళ్ళు కుచ్చిళ్ళెత్తి బొడ్లో దోపుకుంటారు. బూటు లేసు ఊడిందంటే ఎంతటి పెద్దమనిషైనా ఊపిరి బిగబట్టి కూర్చుని, ముడేసుకుని, లేచాక బుస్సుమని గాలి వదలాల్సిందే.

ఆ పార్కు ఒకప్పుడు చెరువు. ఊరి చెత్తంతా ఏళ్ళ తరబడి అందులోనే పోసి, పైన ఎర్రమట్టి తోలి, గడ్డి నాటారు. నీళ్ళు కంటికి కనబడకుండా పోయాయి గానీ ఎక్కడికీ పోలేదు. పార్కు తెరిచిన రోజు రిబ్బను తెగగానే వచ్చినవాళ్ళందరి పాదాలూ తడిశాయి. మరుసటేడు వార్షిక ప్రగతి సభకి వ్యాయామ పరికరాలు పెట్టారు, తడి పిక్కలదాకా ఎక్కింది. ఆ పైయేడు తడిచెత్తతో ఎరువు చేసే షెడ్డు తెరిచారు, మోకాళ్ళదాకా వచ్చింది. రిబ్బను తెగినప్పుడల్లా చెరువు కాస్త పైకొస్తుందని ఊళ్ళో అందరికీ తెలుసు. వరదొస్తే మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టుకుని నిద్రపోయే గోదావరి జనానికి నీళ్ళంటే లెక్కేంటి? ఎవరి తువ్వాలు వాళ్ళు తెచ్చుకోవడం నేర్చుకున్నారు.

లోవరాజు అయితే పాత వృత్తి వదల్లేదు. వాళ్ళ తాతల నాటినుంచీ ఆ చెరువులో వల వేసినవాళ్ళే. ఇప్పుడు పచ్చగడ్డి మీదకి వల విసురుతాడు, కొర్రమీనులు లాగుతాడు, గేటు పక్కన గోనెపట్టా మీద పోసి అమ్ముతాడు. బేరమాడేవాళ్ళే తప్ప ఎక్కడివని అడిగినవాళ్ళు లేరు.

ఇంత ప్రగతీ హేమశ్రీ చేతులమీదుగా జరిగిందే. మునిసిపాలిటీలో పర్యావరణ ఇంజనీరు. చెరువు పూడ్చడానికి ప్లాను గీసింది కూడా ఆవిడే. భర్త ఉదయభాస్కర్ కాకినాడలో ఉద్యోగం చేసుకుంటూ ఆదివారాలు వచ్చిపోతాడు. పార్కుకి రెండు వీధుల అవతల ఇంట్లో హేమశ్రీ, ఒకటో తరగతి చదివే కూతురు బేబీ ఉంటారు. ఆవిడ ప్రాణాలన్నీ ఆ పిల్లమీదే.

ఈ ఏడు పార్కు నడిమధ్యన కమ్యూనిటీ హాలు కట్టారు. రిబ్బను తెగేదాకా దాని లోపల నేల పొడిగానే ఉంటుంది. సభకి ముందు చైర్మన్ పెద్దిరాజు గారు చూడ్డానికి వచ్చారు.

"ఈసారి ఎందాకా రావచ్చమ్మా?"

"నడుందాకా వస్తుందనుకుంటున్నానండి."

"మంత్రిగారు పట్టుపంచెతో వస్తున్నారు. తడిస్తే నా పరువు గోదాట్లో కలిసిపోద్ది."

"స్టేజీ ఎత్తుగా కట్టించానండి. జనం కుర్చీలకి కూడా కింద చెక్కబల్లలు వేయించాను. ఎవరికీ చుక్క తగలదు."

"పిల్లల డాన్సు ఎక్కడా?"

"ఆఖర్న స్టేజీ మీదేనండి. అప్పటిదాకా ముందు కూర్చుంటారు."

ముందు అంటే ఎక్కడో ఎవరూ అడగలేదు. మన సభల్లో పిల్లల చోటు ఎప్పుడూ ఒకటే కదా. స్టేజీ ముందు పట్టా పరిచి కింద కూర్చోబెడతాం, ఫోటోల్లో నిండుగా ఉంటుందని.

హేమశ్రీ వెళ్ళిపోతుంటే లోవరాజు గేటు దగ్గర వల ఆరేసుకుంటూ పిలిచాడు.

"మేడమ్ గారూ, మొన్న ఆ బెంచీ కింద కుక్కపిల్ల పడుకుందండి. మళ్ళీ లేవలేదు."

"ఎండదెబ్బ తగిలుంటుంది."

"ఎండెక్కడిదండీ? నాలుగు రోజులుగా ముసురే కదా."

హేమశ్రీ ఆ బెంచీ వైపు తిరిగింది. ఇంతలో ఫ్లెక్సీలు వేసేవాడి దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఫ్లెక్సీలో మంత్రిగారి ఫోటో చిన్నదైందట. ఆ గొడవలో కుక్కపిల్ల సంగతి మర్చిపోయింది.

సభ రోజు బేబీకి ఆకుపచ్చ పావడా కట్టి, రెండు జడలు వేసి, చివర్న ఎర్ర రిబ్బన్లు ముడేసింది.

"అమ్మా, నేనూ నీతో పైన కూర్చోనా?"

"తప్పు నాన్నా, పైన పెద్దవాళ్ళు కూర్చుంటారు. నువ్వు ముందే ఉంటావుగా, నాకు కనబడుతూనే ఉంటావు."

స్టేజీ మీదే రిబ్బను కట్టారు. మంత్రిగారు కత్తిరించారు. హాలంతా చల్లగా అయిపోయింది. బల్లల మీది జనం కాళ్ళు చూసుకుని, తడవనందుకు సంబరపడ్డారు. హేమశ్రీ మైకు ముందుకొచ్చి ఏడాది ప్రగతి చదవడం మొదలుపెట్టింది. కొత్త మురుగుకాలువలు, ఇంటింటి చెత్తబళ్ళు, డ్వాక్రా మహిళలు నాటిన మొక్కలు. ఒక్కో మాటకీ చప్పట్లు మోగుతున్నాయి. కూతురు కొడుతోందో లేదోనని కిందికి చూసింది.

బేబీ చప్పట్లు కొడుతూనే ఉంది. చప్పుడు రావట్లేదు. దాని రెండు జడలూ తలమీదుగా నిలువునా లేచి, మెల్లగా అటూ ఇటూ ఊగుతున్నాయి. పక్కపిల్లల జడలూ అంతే.

మైకు కింద పడేసి స్టేజీ మీంచి దూకింది హేమశ్రీ. నీళ్ళు నడుముకి కొట్టాయి. బల్లల మీంచి తల్లులూ తండ్రులూ కేకలు పెడుతూ దూకారు. గుమ్మంలోంచి లోవరాజు వల విసిరాడు. పిల్లలందరినీ పైకి లాగారు. దగ్గారు, కక్కుకున్నారు, ఏడ్చారు. ఆ ఏడుపు వింటుంటే తల్లులకి ప్రాణం లేచొచ్చింది.

బేబీ ఒక్కతీ ఏడవలేదు. గట్టున పడ్డ కొర్రమీనులాగా తల్లి చేతుల్లో కొట్టుకుంటోంది. నోరు తెరుస్తోంది, మూస్తోంది. హేమశ్రీ వీపు చరిచింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. పిల్ల పెదాలు నల్లబడ్డాయి.

లోవరాజు దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు. "కిందికి దించండమ్మా. పాపకి పైన ఊపిరాడట్లేదు."

"నా చేతులతో నేనా?"

"దించండమ్మా, మీకు దణ్ణం పెడతాను."

హేమశ్రీ తన చేతులతోనే దించింది. నీళ్ళలోకి వెళ్ళగానే బేబీ హాయిగా ఊపిరి తీసుకుని, తల్లిని చూసి నవ్వింది.

అప్పట్నుంచి సాయంత్రమైతే హేమశ్రీ క్యారేజీతో పార్కుకొస్తుంది. ఊపిరి బిగబట్టి గడ్డిలో కూర్చుని ఒక ముద్ద పెడుతుంది. లేచి గాలి పీల్చుకుని, మళ్ళీ కూర్చుంటుంది. ఉదయభాస్కర్ ఆదివారాలు వచ్చి, పక్కన నిలబడి ఏడ్చి వెళతాడు. బేబీ రోజూ ఒక్కటే అడుగుతుంది.

"ఇంటికెప్పుడమ్మా?"

"త్వరలోనే నాన్నా."

పిల్లని పార్కు దాటించే దారి ఆవిడకి ఒకటే కనిపించింది. పెద్దిరాజు గారి దగ్గరికి వెళ్ళింది. కూరగాయల మార్కెట్టు, లైబ్రరీ, బస్టాండు దగ్గర పిల్లల పార్కు, ఇంకా ఎన్నెన్నో చెప్పింది.

"ఒక్క ఏట్లో ఇన్ని ప్రారంభోత్సవాలా! ఇంత జరిగాక మానేస్తావనుకున్నానమ్మా. ఈ ఊరి అదృష్టం నువ్వు."

"దేనికీ రిబ్బను మాత్రం మానొద్దండి," అంది హేమశ్రీ.

ఊరు వెలిగిపోతోంది. నీళ్ళు పార్కు ప్రహరీ దాటాయి, మొదటి వీధి దాటాయి. హేమశ్రీ పొద్దున లేవగానే ముందు గడప అవతల అరచెయ్యి ఆనించి చూస్తుంది. మొన్న కార్తీకంలో ఒకరోజు అరచెయ్యి తడిసింది. సంతోషం పట్టలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

కళ్ళు తుడుచుకుని తలెత్తితే, ఎదురింటి వసారాలో వెంకటదుర్గ తన పసివాణ్ణి చీర ఉయ్యాలలో వేసి ఊపుతూ కనబడింది. ఉయ్యాల నేలకి జానెడెత్తులో ఉంది.

"ఏంటి హేమక్కా, పొద్దున్నే అక్కడ కూర్చున్నావ్?" అంది వెంకటదుర్గ.

హేమశ్రీ ఉయ్యాల వంక చూసింది. తడిసిన తన అరచెయ్యి చూసుకుంది.

"ఏం లేదు దుర్గా," అని లోపలికెళ్ళి, బేబీ మంచం దులిపి కొత్త దుప్పటి పరిచింది.