కొంగుముడిలోని అయస్కాంతం

నేను ఒక అయస్కాంతాన్ని. పూర్తి అయస్కాంతాన్ని కూడా కాదు, విరిగిన ముక్కను. పుట్టింది మైకుసెట్టువాడి స్పీకరులో. ఏదో పెళ్ళిలో ఆ స్పీకరు బద్దలై, నేను పాత సామాన్లవాడి కొట్టుకు చేరాను. అక్కడ నా పని ఇనుమునూ స్టీలునూ వేరు చేయడం. అంటుకుంటే ఇనుము, జారిపోతే మంచి స్టీలు. నాకు తెలిసిన విద్య అంతే. మనుషులు మాత్రం ఒకరినొకరు నమ్మరు గాని, నన్ను నమ్ముతారు!

గుంటూరులో పచ్చళ్ళ వ్యాపారం చేసే శేషారత్నం గారికి ఎవడో తుప్పు పట్టదని చెప్పి ఒక డ్రమ్ము అంటగట్టాడు. వానాకాలం తిరిగేసరికి దానికి తుప్పు పట్టింది. ఆ మంటతో ఆమె నన్ను కొనుక్కుని చీర కొంగున ముడివేసుకుంది. ఇక చూడాలి! గరిటె కొన్నా నేనే, మూత కొన్నా నేనే. ఒకసారి వియ్యాలవారింట భోజనానికి కూర్చుని, మంచినీళ్ళ గ్లాసుకు కూడా నన్ను ఆనించింది. ఎవరూ చూడలేదనుకుంది. వియ్యపురాలు చూసింది. ఆమెతో ఉండి ఉండి నాకూ అదే బుద్ధి పట్టింది. ఎవరైనా నవ్వితే, ఎందుకు నవ్వుతున్నాడా అని ఆలోచిస్తాను.

ఆ ఏడు హైదరాబాదు కొట్లవాళ్ళు మొదటిసారి ఆమెను మాగాయ అడిగారు. చెక్కు తీసిన మామిడి ముక్కలు ఉప్పులో, పసుపులో మూడు రోజులు ఊరాలి. అన్ని ముక్కలకు జాడీలు చాలవు, స్టీలు తొట్టి కావాలి. "ఈ సరుకు చెడిందంటే మళ్ళీ నా మొహం చూడరు" అని ఆమె రోజూ గొణుక్కునేది.

ఆటోనగర్‌లో రేకుపని చేసే ఖాజావలి ఆ తొట్టి చేశాడు. ఆమె కొంగు ముడి విప్పింది. రేకు మీద నేను జారాను. వంచిన మూలల దగ్గర మాత్రం కొద్దిగా పట్టుకున్నాను. ఎంత మేలురకం స్టీలైనా గట్టిగా వంచితే ఆ మడతలో నాకు కాస్త లొంగుతుంది. ఆ ముక్క చెప్పడానికి నాకు నోరేదీ?

"ఇదేంటి వలీ, పట్టిందే!"

"వంచినకాడ అట్టాగే పట్టుద్దమ్మా. ఎందుకో నాకూ తెలవదు. రేకు మాత్రం ఉప్పుకి ఆగే రకం. మా అమ్మ తోడు."

"ఒట్టు పెట్టేవాడే దొంగ!" అని ఆమె వీధిలోకి వచ్చి మరీ అరిచింది. పక్క షెడ్లలో సుత్తులు ఆగిపోయాయి. ఖాజావలి తల వంచుకున్నాడు.

ఆ తొట్టి వద్దని ఆమె ఇంకో కొట్టుకు వెళ్ళింది. అక్కడి కొట్టువాడు ఎదురొచ్చి నవ్వాడు. "ముందు మాగ్నెట్ పెట్టి చూడండి మేడమ్, తర్వాతే బేరం" అన్నాడు. నాకు అనుమానం వచ్చింది. పరీక్ష పెట్టమని అడిగి మరీ నిలబడేవాడికి ప్రశ్న ముందే తెలిసి ఉంటుంది. ఆమె ఎక్కడ పెట్టినా నేను జారిపోయాను. నికెల్ తగ్గించి మాంగనీసు దట్టించిన చవక స్టీలు అది. నేను దానికీ అంటుకోను. ఉప్పూ పులుపూ తగిలితే దాని గతేమిటని నన్నెవరూ అడగలేదు. ఆమె సంబరంగా తొట్టి ఇంటికి తెచ్చుకుంది.

మూడో రోజు మూత తీస్తే ఊట నల్లబడి ఉంది. ముక్క నాలుక మీద పెట్టుకుని థూ అని ఉమ్మేసింది. మొదట ఉప్పు అమ్మినవాణ్ణి తిట్టింది. తర్వాత ముక్కలు కోసే కోటమ్మ మీద పడింది. "తుప్పు కత్తితో కోశావు గదూ?"

కోటమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా కత్తి సంగతి తర్వాత అమ్మగారూ, ముందు తొట్టి అడుగు చూడండి."

ఊట తోడి చూస్తే అడుగంతా సూదితో పొడిచినట్టు గుంటలు, చుట్టూ తుప్పు. "అయిపోయింది కోటమ్మా, నా పేరు పోయింది" అంటూ ఆమె అక్కడే చతికిలబడింది. నాకు జాలేసింది. లోకమంతటినీ అనుమానించిన మనిషికి నా మీద ఒక్కసారైనా అనుమానం రాలేదు.

కాయ ఇంకా కొన్నాళ్ళు దొరుకుతుంది. ఆ ఆశతో ఖాజావలి షెడ్డుకు వెళ్ళింది. ఆమె వద్దన్న తొట్టి ఒక మూల నీళ్ళతో నిండి ఉంది.

"ఏం పోశావు వలీ?"

"ఉప్పునీళ్ళు, నిమ్మరసం. మీరు అరిచిన రోజు నుంచీ ఉన్నయి. రేకు అమ్మినోడు నన్నే మోసం చేశాడేమోనని నాకే అనుమానమొచ్చిందమ్మా."

ఆమె మోచేతిదాకా ముంచి అడుగు తడిమింది. నున్నగా ఉంది. "తొందరపడ్డాను వలీ. ఈ తొట్టి నాకివ్వు" అంది మెల్లగా.

"ఇస్తానమ్మా. దొంగ అన్నప్పుడు మాత్రం వీధిలో అన్నారు. ఇప్పుడు చెవిలో చెబుతున్నారు."

ఆమె తడి చెయ్యి తుడుచుకుంది. తర్వాత వీధిలోకి వెళ్ళి నిలబడింది. "అయ్యా, ఒకసారి ఇటు వినండి! ఖాజావలి దొంగ కాదు. నోరు జారింది నేను!" మాట వినపడటానికి ఎవరో మిషను ఆపారు.

తొట్టి ఆటో ఎక్కుతుంటే ఆమె నన్ను కొంగులోంచి తీసి పరాయివాణ్ణి చూసినట్టు చూసింది. షెడ్డు ఇనపగేటుకు అంటించి వెళ్ళిపోయింది.

మొన్న కోటమ్మ వచ్చి ఖాజావలికి మాగాయ సీసా ఇచ్చింది. "హైదరాబాదోళ్ళు మళ్ళీ అడిగారంట. అమ్మగారు నీకియ్యమన్నది" అని చెప్పి వెళ్ళింది. ఖాజావలి మూత తీసి, ముందు అనుమానంగా వాసన చూశాడు. తర్వాత క్యారేజీ విప్పుకుని, మాగాయ కలుపుకుని అన్నమంతా తిన్నాడు.