అడగకుండా వేసిన పేరు

పొద్దున్నుంచి చంద్రికకు కాలు నిలవడం లేదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్ గదిలో మంచం మీద కూర్చుంటుంది, లేస్తుంది, ఫోన్ చూస్తుంది, మళ్లీ కూర్చుంటుంది. నిన్ననే హాస్టళ్ల బోరునీళ్ల మీద తన పరిశోధన వ్యాసాన్ని పత్రికకు పంపింది. అది పత్రిక పరిశీలనలో ఉందని నెలాఖరులోగా చూపిస్తేనే థీసిస్ తీసుకుంటారు. లేదంటే ఇంకో ఏడాది ఇదే గది, ఇదే మంచం.

వ్యాసం మీద మొదటి పేరు గైడు హనుమత్ప్రసాద్ గారిది, రెండోది తనది. ఆయన వ్యాసం చదవలేదు. చదవమని ఈమె అడగనూ లేదు. శుభలేఖలో పెద్దల పేర్లు వేసేటప్పుడు ఒక్కొక్కరినీ అడుగుతామా ఏంటి? గౌరవం కొద్దీ వేస్తాం, వాళ్లు చూసి మురిసిపోతారు. చంద్రికా అలాగే అనుకుంది, పిచ్చితల్లి. పేరున్న ప్రతివాళ్లకూ 'ఇది మీ రచనేనా' అని పత్రికవాళ్లు మెయిలు పెడతారని ఆమెకేం తెలుసు?

పదింటికి ఆయన ఫోన్ చేశారు. "ఒకసారి డిపార్ట్‌మెంటుకి రామ్మా." అంతే, ఇంకో మాట లేదు. పంజాగుట్ట దాకా బస్సులో నిలబడే వెళ్లింది. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోబుద్ధి కాలేదు.

ఆయన కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పారు. "ఏంటమ్మా ఇది? నేను ఒక్క అక్షరం చదవలేదే!"

"గౌరవంగ ఉంటదని పెట్టిన సార్."

"రేపెవరైనా ఇందులో తప్పుందంటే నేనేం చెప్పాలి? మా అమ్మాయి గౌరవం కొద్దీ వేసిందనా?" ఆయన వేలు పట్టిక మీదికి దిగింది. "ఈ నలభై హాస్టళ్ల బోరునీళ్లు పట్టుకొచ్చిందెవరు?"

"సురేందర్ అన్న సార్, మొదటి ఏడాది."

"అతని పేరేది?"

"మధ్యలనే పీహెచ్‌డీ మానేసి పోయిండు గదా సార్. ఆఖర్ల థ్యాంక్స్ చెప్పిన."

"చదవనివాడు మొదట, ఎండలో సీసాలు మోసినవాడు అట్టడుగున! బాగుంది. వెళ్లి అతన్ని అడుగు, చదివించు. ఆ తర్వాత నేను చదువుతా. పని నీది, మొదటి పేరు నీదే ఉండాలి. నాది చివర్న, అదీ చదివాకే."

చంద్రికకు తల కొట్టేసినట్టయింది. నెలాఖరుకు ఇంక ఆరు రోజులే.

సురేందర్ ఇప్పుడు మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్లో జావా ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాడు. క్లాసు వదిలేదాకా ఆమె మెట్లు పైకీ కిందికీ పదిసార్లు తిరిగింది.

"నాకెందుకు చంద్రికా గిదంతా? వదిలేసిన పని" అన్నాడు అతను, చాయ్ బండి దగ్గర.

"జర చదువన్నా. నువ్వు చదివి సరేనంటేనే నీ పేరు పెడ్త."

చాయ్ చల్లారిపోతున్నా పట్టించుకోకుండా చదివాడు. లోతైన బోర్ల నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్న చోట ఆగాడు. వ్యాసానికంతటికీ ప్రాణం ఆ ఒక్క మాటే.

"గీ లోతు బోర్లన్న ఆరు హాస్టళ్ల నీళ్లు మే నెలల పట్టినవి గదా? గప్పుడు బోర్లు ఎండిపోయినయ్. గవి ట్యాంకర్ నీళ్లు చంద్రికా."

చంద్రిక పట్టిక మీదికి వంగింది. "ట్యాంకర్ నీళ్లా! ల్యాబ్ కంప్యూటర్ల గా ముచ్చటే లేదు."

"నా చేతి డైరీల ఉంది."

"మరి చెప్పొద్దా అన్నా?"

"ఎవరడిగిన్రు?"

అతని గొంతులో కోపం లేదు. అదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది. రెండేళ్లలో ఒక్క ఫోన్ కాల్ చేయలేదు తను. ఫోన్ తీసింది, లోపల పెట్టింది, మళ్లీ తీసింది. ఈ మాట తెలిసింది తమ ఇద్దరికే. నోరు మూసుకుంటే థీసిస్ గట్టెక్కుతుంది. ఛీ, అనుకుని నంబరు నొక్కింది.

"సార్, వ్యాసం వాపస్ తీసుకుంటున్న. ఆరు హాస్టళ్లవి బోరు నీళ్లు కావు. సురేందర్ అన్న చెప్పిండు."

"నేను మురిసిపోయి సరేనని నొక్కేసి ఉంటే ఏమయ్యేదమ్మా?" అన్నారాయన.

ఆమె ఫోన్ పెట్టేసి, బండి చుట్టూ జనం చూస్తున్నా సరే, ఏడ్చేసింది. ఏడాది పోయింది మరి.

"ఫికర్ చేయకు. వానలు పడి బోర్లల్ల నీళ్లొచ్చినంక మళ్ల పట్టొచ్చు. గా వార్డెన్లు నాకెరుకే" అన్నాడు సురేందర్.

చంద్రిక కళ్లు తుడుచుకుంది. "నువ్వు సుత వస్తవా అన్నా?" అని అడిగింది.

"పేరుంటదన్నవు గదా" అన్నాడు, చల్లారిన చాయ్ ఒక్క గుక్కలో తాగేసి. "రాకపోతే ఎట్ల?"