గట్టు దారిలో బావా బావమరిదీ

సముద్రం ఒడ్డున నడిస్తే మనసులు కుదుటపడతాయని ఎవరో చెబితే, ఆమె ఆదివారం బేకరీకి తాళం వేయించి, మొగుణ్ణీ తమ్ముణ్ణీ వెంటబెట్టుకుని పొద్దున్నే బస్సెక్కింది. శుక్రవారం నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఆ రోజు మాడిపోయిన ట్రే చూసి తమ్ముడు, కొనేవాళ్ళ ముందే, "ఇక బన్నులు మానేసి బొగ్గులమ్ముకుందాం బావా" అన్నాడు. అందరూ నవ్వారు. మొగుడు పొయ్యిలోంచి రొట్టెలు లాగే పొడుగాటి చెక్కతో వాడి వీపు వాయించాడు. తల్లి పోయాక ఆమె చేతుల మీద పెరిగినవాడు. బావతో రాజీ కుదరకపోతే మూటాముల్లె సర్దుకుని పోతానని కూర్చున్నాడు. ఇద్దరూ మళ్ళీ ఒక్క కంచం దగ్గర కూర్చోవాలి. ఆమెకు కావలసింది అంతే.

బస్సు దిగి ఊరు దాటాక దారి కొండ అంచునే పోతుంది. కింద నల్లటి రాళ్ళు, వాటి మధ్య ఉడుకుతున్నట్టు నురగ. ఒకరి వెనక ఒకరు నడవాల్సిందే. మొగుడు ముందు, ఆమె మధ్యన, తమ్ముడు వెనక.

"ఏరా, నోరు పడిపోయిందా?" అన్నాడు మొగుడు, తల తిప్పకుండానే.

ఆమెకు ప్రాణం లేచొచ్చింది. మాటంటూ మొదలైంది కదా.

"నోరు బాగానే ఉంది బావా. వీపే మండుతోంది."

"ఇంకోసారి మండించమంటావా?"

"దేంతో? చెక్క ఇంటి దగ్గరే మర్చిపోయావుగా. అది లేకుండా నీకు చెయ్యి లేవదు."

మొగుడు గిరుక్కున తిరిగి, ఆమెను ముళ్ళపొదలోకి నెట్టి, వాడి మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లి నెత్తురు గడ్డం మీదికి కారింది. బస్తాలకొద్దీ పిండి పిసికిన చేతులతో వాడు బావ గొంతు పట్టుకున్నాడు. ఇద్దరూ నేల మీద దొర్లారు. మొగుడు వాడి చెవి కొరికాడు. వాడు మొగుడి తలను నేలకేసి కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. అంచున మట్టి పెళ్ళ విరిగింది. మొగుడు జారి, ఒక వేరు పట్టుకుని వేలాడాడు.

తమ్ముడు లేచి బావ చేతివేళ్ళ మీద బూటు ఆనించాడు.

"తియ్యరా," అంది ఆమె, పొదలోంచి పాకుతూ.

"ఒక్క తొక్కుడు, అక్కా. పీడ పోతుంది."

"నీకు పోతుంది. జైలు గుమ్మం ముందు నేను నిలబడాలి. తియ్యి."

వాడు ఆమె ముఖంలోకి చూశాడు. తర్వాత మోకాళ్ళ మీద కూలబడి, బావ మణికట్టు పట్టి పైకి లాగాడు.

మొగుడు గడ్డి మీద బోర్లా పడి రొప్పాడు. తమ్ముడు అటు తిరిగి నెత్తురు ఉమ్ముకుంటున్నాడు. మొగుడి చేతికి పిడికెడు రాయి దొరకడం ఆమె చూసింది, అరిచేలోగా అది వాడి తల వెనక దిగింది. వాడు ముందుకు వాలిపోయాడు. రాయి మళ్ళీ లేచింది. ఆమె ఆ చేతిని కరిచి పట్టుకుంది, రాయి జారేదాకా వదల్లేదు.

"ఇప్పుడేగా నిన్ను పైకి లాగాడు," అంది, నోటిలో ఉప్పటి రుచితో.

"ఎవడు లాగమన్నాడు?"

ఆమె రుమాలుతో తమ్ముడి తల బిగించి కట్టింది. వాణ్ణి లేపి, వాడి చెయ్యి తన భుజం మీద వేయించుకుని, ముందున్న ఊరి వైపు నడిచింది.

"ఏమే, బస్సు ఇటు," అన్నాడు మొగుడు.

"తెలుసు," అంది, నడక ఆపకుండా.