పదిహేడో పేజీ తాత

పెయ్‌వెన్ పొద్దున్నే ఆఫీసుకొచ్చి ఫ్లాస్కులో వేడినీళ్ళు నింపుకుని, కారిడార్ బెంచీ మీదున్న వాళ్ళకి తలా ఓ గ్లాసు పోసి, అప్పుడు పనిలో కూర్చునేది. నాన్‌జింగ్‌లోని ఆ పిల్లల పుస్తకాల సంస్థలో పదకొండేళ్ళుగా విదేశీ కథల్ని చైనా భాషలోకి మార్చడం ఆమె ఉద్యోగం. బెంచీ మీదున్న వాళ్ళు అలా మార్చేటప్పుడు ఆమె చావు తీసేసిన కథల్లోని పాత్రలు: ఇద్దరు అవ్వలు, ఒక పాలవాడు, ఒక ముసలి కుక్క. అటు కథలో చోటు లేక, ఇటు చావనూ చావక, ఊరికే కూర్చునేవారు. ఊడ్చే ఆవిడ కాళ్ళెత్తమంటే ఎత్తేవారు.

పుస్తకం చదివేది పిల్లలే గానీ కొనేది నానమ్మలు. వాళ్ళకి చల్లటి పాలూ గిట్టవు, చావూ గిట్టదు. అందుకని చల్లటి పాలు వేడి సోయాపాలయ్యేవి, చనిపోయినవాళ్ళు దూరప్రయాణం వెళ్ళేవారు. ఇందులో పెయ్‌వెన్‌కి బాధా లేదు, సరదా లేదు. మూడేళ్ళ కిందట భర్త జిహాంగ్‌ని లారీ గుద్దినప్పటి నుంచి ఆమెకి ఏదీ అంటడం లేదు. ఏడుపు కూడా రాలేదు. అత్తగారిది గుండెజబ్బు. పెద్దావిడకి చెప్పకపోవడమే మంచిదని చుట్టాలంతా కలిసి తేల్చారు. సరుకుల ఓడలో ఉద్యోగమొచ్చి వెళ్ళాడని చెప్పింది పెయ్‌వెన్. నెలకో ఉత్తరం తనే రాసి, తనే చదివి వినిపించేది.

"పెయ్‌వెన్ గారూ, పదిహేడో పేజీలో తాత పోతున్నాడు. పోనివ్వకండి," అన్నాడు ఎడిటర్ తాంగ్.

"ఓడెక్కించనా?"

"ఎక్కించెయ్యండి. మీకు చెయ్యి తిరిగిన పనేగా!"

సాయంత్రానికి ఎర్రగడ్డం తాత బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. బెంచీ మీద ఖాళీ లేదు. చేసేది లేక మెట్రోలో ఇంటికి తీసుకెళ్ళింది.

అత్తగారు గంజీ, ఉప్పులో ఊరబెట్టిన బాతు మాంసమూ వడ్డించింది. "మొహమాటపడకండి. ఇంతకీ కథలో మా కోడలు మిమ్మల్నేం చేసింది?"

"ఓడెక్కించింది."

ఆవిడ మొహం వెలిగిపోయింది. "అయితే మావాణ్ణి చూశారా? పొడుగ్గా ఉంటాడు, ఎడమచెవి కింద పుట్టుమచ్చ."

తాత పిల్లల కథలోవాడు, అబద్ధం ఆడటం రాదు. "నిజంగా ఓడేం లేదమ్మా. నేను చనిపోయాను. చనిపోయినవాళ్ళనే ఈ అమ్మాయి ఓడెక్కిస్తుంది."

పెయ్‌వెన్ అత్తగారి గుండె వైపే చూస్తూ కూర్చుంది. గుండె ఆగలేదు. ఆవిడ గిన్నె పక్కకి జరిపింది.

"ఎన్నాళ్ళయింది?"

"మూడేళ్ళు, అత్తయ్యా."

"మరి ఉత్తరాలు?"

"నేనే రాశాను."

"ప్రతి ఉత్తరంలో నా నడుంనొప్పి ఎలా ఉందని అడుగుతుంటే, వీడికి ఎంత బుద్ధొచ్చిందో అని మురిసిపోయానే!"  ఆవిడ తాతకేసి చూసి, "పాపం, ఈయన్ని ఎటూ కాకుండా ఎందుకు ఆపేశావు? ఈయన కథ చదువు. ఉన్నదున్నట్టు చదువు," అంది.

పెయ్‌వెన్ అసలు పుస్తకం తీసి, ఒక్కో వాక్యమూ తమ భాషలో చెప్పుకుంటూ పోయింది. పదిహేడో పేజీ దగ్గర ఆగిపోయింది. పదకొండేళ్ళుగా ఆ మాట ఆమె నోటా రాలేదు, చేత్తోనూ రాయలేదు.

"తాత చనిపోయాడు," అంది చివరికి.

ఎదుటి కుర్చీ ఖాళీ అయింది. అత్తగారు ఆ గిన్నె తీసి కడిగి, బోర్లించి, వచ్చి కోడలి పక్కనే కూర్చుంది.

"ఇప్పుడు మావాడిది చెప్పు."

పెయ్‌వెన్ మొదలుపెట్టింది. లారీ దాకా రాకముందే ఏడుపు ముంచుకొచ్చింది.