సంఘం చందా

సత్యారావు ఇంట్లో పెట్టుబడి అన్న మాట ఎవరూ ఎన్నడూ పలకలేదు. బెంగాల్లో ఖిదిర్‌పూర్ ఓడరేవు డాక్‌లో క్రేన్ తోలి రిటైరైన మనిషి ఆయన. జీతం వచ్చేది, అయిపోయేది, మళ్ళీ వచ్చేది. అలాంటి ఇంట్లో పుట్టిన ఒక్కగానొక్క కూతురు సమీర ఎం.కామ్‌లో ఫైనాన్స్ తీసుకుని, క్లాసులో అందరికంటే ముందు నిలిచిందంటే గల్లీలో తెలుగువాళ్ళకు అది వింతే. సత్యారావుకు మాత్రం పండగ. కూతురి పుస్తకాలకు అట్టలు తనే వేసేవాడు. లోపల ఏముందో ఒక్క ముక్క తెలియకపోయినా, దుమ్ము పడితే పంచె కొంగుతో తుడిచి మరీ బల్ల మీద పెట్టేవాడు.

రెండో ఏడాది మొదట్లో ప్రొఫెసరు ఒక ప్రాజెక్టు ఇచ్చాడు. ఒక నిజమైన కుటుంబాన్ని తీసుకోవాలి. ఇంటి ఖర్చులు సర్ది, దండగ ఖర్చేదో పట్టుకుని ఆపించి, ఆ సొమ్ముతో ఏదో ఒక పెట్టుబడి పెట్టించాలి. పన్నెండు నెలలు మధ్యలో తెగకుండా నడిపి ఫలితం చూపించాలి. తోటివాళ్ళు చాలామంది లేని కుటుంబాలను పుట్టించి కాగితాల మీద సంసారం చేయించారు. సమీరకు అలాంటి దొంగపని చేతకాదు. తన ఇంటినే తీసుకుంది. అదే కొంప ముంచింది.

ఇంట్లో దండగ ఖర్చు వెతకడం అంత తేలిక కాదు. తండ్రి తాగడు. తల్లి జగ్గమ్మ చీర కొనుక్కుని ఎన్నాళ్ళయిందో ఆవిడకే గుర్తులేదు. చివరికి సమీరకు దొరికింది ఒకటే: నెల నెలా సావు సంఘానికి కట్టే మూడువందలు.

ఈ సంఘం శ్రీకాకుళం వైపు నుంచి డాక్ పనికి వచ్చిన తాతల నాటిది. ఊరుకాని ఊళ్ళో, అయినవాళ్ళు లేనిచోట ఎవరైనా పోతే మోసే దిక్కెవరని భయపడి పెట్టుకున్నారు. ఇంటికింత అని నెలనెలా చందా. సభ్యుల ఇంట్లో ఎవరు పోయినా వెదుళ్ళ నుంచి డప్పుల దాకా సంఘమే చూస్తుంది, ఇంటికొక మగవాడు వచ్చి తీరాలి. పాడె మోయడం సభ్యుల పని, హక్కు కూడా. చందా మానేసిన ఇంటికి మోయడానికి ఎవరూ రారు. మానేసినవాడు ఇంకొకరి పాడెకు భుజం పెట్టడానికీ వీల్లేదు. సంఘం పెద్ద కోదండం సత్యారావుతో పాటు డాక్‌లో పనిచేసినవాడు, ప్రాణస్నేహితుడు. పాడెకు ముందువైపు ఎడమ కొమ్ము ఎప్పుడూ సత్యారావుది. ఎవరు పోయినా ఆ చోటు ఆయనదే.

సమీర లెక్క కట్టింది. ఇన్నేళ్ళుగా కట్టిన చందా మ్యూచువల్ ఫండ్‌లో పెట్టి ఉంటే ఇవాళ ఎంత అయ్యేదో తండ్రికి వివరంగా చెప్పింది. పోయినప్పుడు అయ్యే ఖర్చు అందులో పదో వంతు కూడా ఉండదని చెప్పింది. కట్టిందంతా పోతుందే అనుకుని ఇంకా కడుతూ పోయే తెలివితక్కువతనానికి పుస్తకంలో ఒక పేరు కూడా ఉంది, అదీ చెప్పింది. సత్యారావు బల్ల మీది పుస్తకాన్ని పంచె కొంగుతో ఒకసారి తుడిచాడు.

"నువ్వు సదువుకున్నదానివి. నువ్వు సెప్తే అదేలే అమ్మా" అన్నాడు చివరికి.

జగ్గమ్మ వంటగదిలోంచి అంతా విన్నది. ఆ మర్నాటి నుంచి మూడువందలు ప్రతి నెలా ఫోనులోంచే ఫండ్‌కు వెళ్ళడం మొదలైంది. సమీర వారానికోసారి తండ్రికి తెరమీద పచ్చరంగు అంకెలు చూపించేది. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని చూసి, బాగుందనేవాడు. సొంత ఇంటినే తీసుకుని ప్రాజెక్టు చేసిన ఒకే ఒక్క విద్యార్థి అని ప్రొఫెసరు క్లాసులో అందరిముందూ మెచ్చుకున్నాడు. ఆ రోజు సమీర బస్సులో నిలబడే వచ్చినా కాళ్ళు నొప్పి పుట్టలేదు.

ఆరో నెలలో గల్లీ చివరింటి ముసలాయన పోయాడు. డప్పు వినిపించగానే సత్యారావు అలవాటుగా తువ్వాలు భుజాన వేసుకుని దిగి వెళ్ళాడు. పాడె దగ్గరకు పోయి ముందు ఎడమ కొమ్ము మీద చెయ్యి వేశాడు. కోదండం ఆ చెయ్యి తీసి పక్కకు పెట్టాడు. "ఒద్దురా సత్తిగా" అన్నాడంతే. అందరూ తలలు దించుకున్నారు. పాడె లేచింది, డప్పులు కదిలాయి, సత్యారావు గోడవారన ఒదిగి దారిచ్చాడు.

ఇంటికి వచ్చి ఆయన పెరటి కుళాయి కింద తలారా స్నానం చేశాడు. మోసి వచ్చినవాళ్ళు చేసే స్నానం అది. మోయనివాడికి ఆ స్నానమెందుకని జగ్గమ్మ అడగలేదు, పొడి పంచె తెచ్చి ఇచ్చింది. సమీర అది చూసింది. మనసు చివుక్కుమంది కూడా. కానీ మర్నాడు పరీక్ష ఉంది, చదువుకోవాలి. కొన్నాళ్ళకు ఆయనే అలవాటు పడతాడనుకుంది.

ఆయన అలవాటు పడలేదు. సాయంత్రాలు డాక్ గేటు దగ్గర టీ బడ్డీకి పోవడం మానేశాడు. పాతవాళ్ళు ఎదురైతే పక్క సందులోకి తిరిగేవాడు. గుండె అంతకుముందే ఒకసారి మొరాయించింది, మందులు వేసుకుంటున్నాడు. ఏదో పోగొట్టుకున్నవాడిలా ఇంట్లోనే తిరుగుతుండేవాడు.

పన్నెండో నెలలో ఒకరోజు కూతురి దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. సంకోచంగా, చిన్నపిల్లాడు ఏదో కావాలని అడిగినట్టు అడిగాడు.

"ఏడాది దాటకుండా బాకీ కట్టేస్తే పాత సబ్యుడి కిందే ఉంచుతారంట. గడువు దగ్గరకొచ్చేసినాది. అందులో ఉన్నది తీసి కట్టీమంటావా అమ్మా?"

సమీర వేళ్ళ మీద లెక్క పెట్టింది. నెలాఖరుకు రిపోర్టు ఇచ్చేయాలి. ఇచ్చాక కూడా సంఘం గడువుకు ఇంకో వారం మిగులుతుంది. ఇప్పుడు తీస్తే పన్నెండు నెలలు తెగిపోతాయి, ఏడాది పని గంగపాలవుతుంది. కాస్త ఆగమంది. రిపోర్టు ఇచ్చిన మర్నాడే తనే తీసి, తనే వెళ్ళి కోదండం చేతిలో పెడతానంది. మనస్ఫూర్తిగానే అంది. సత్యారావు తలాడించి, ఆమె తల మీద చెయ్యి వేసి లేచిపోయాడు.

నెలాఖరు ఇంకా రాలేదు. ఒక ఆదివారం పొద్దున సత్యారావు పాలు తేవడానికి వెళ్ళి, బూత్ దగ్గరే కూలబడ్డాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికే ప్రాణం లేదు. పది గంటలకు శవాన్ని ఆంబులెన్స్‌లో తెచ్చి రోడ్డు మీద దింపారు. గల్లీలోకి బండి రాదు. ఆంబులెన్స్ వాళ్ళు స్ట్రెచర్ మీద ఇంటిదాకా తెచ్చి వరండాలో పడుకోబెట్టి వెళ్ళిపోయారు.

గల్లీ అంతా వచ్చింది. ఆడవాళ్ళు జగ్గమ్మ చుట్టూ కూర్చుని ఏడ్చారు. మగవాళ్ళు మాత్రం ఎదురింటి అరుగు దాటి ఇటు రాలేదు. ఆ అరుగు మీద ఇనప స్టూలు వేసుకుని కోదండం కూర్చున్నాడు. కండువా నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నాడు. లేవడం లేదు.

సమీరకు అప్పుడు అర్థమైంది. ఫోను తీసి ఫండ్‌లోంచి మొత్తం వెనక్కి తీసుకునే బటన్ నొక్కింది. పనిదినాలు లెక్కేసి నాలుగోనాటికి డబ్బు వస్తుందని తెర చెప్పింది. తన ఖాతాలో ఉన్నది చూసుకుంది, బాకీకి సరిపోతుంది. గల్లీ దాటి వెళ్ళి కోదండం ముందు నిలబడి, బాకీ అంతా ఇప్పుడే ఇస్తాను, ఇంకా ఏడాది కాలేదు కదా, నాన్నను మోయండి అని అడిగింది.

కోదండం ముఖం తుడుచుకున్నాడు.

"బతికున్నప్పుడే కట్టాలమ్మా. సచ్చిపోనాక కట్టొచ్చంటే రేపటినుంచి ఏ ఇల్లు ముందుగా కడతాది? ఆడు నా పేనం. ఆడికి నాను పట్టకపోతే ఎవులు పడతారు. కానీ ఇయ్యాల నాను లేస్తే సంఘం ఉండదు."

కోపం తెచ్చుకోవాలని చూసింది సమీర. రాలేదు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు చందా ఎగ్గొట్టి, అవసరమైన రోజు వచ్చి కడితే ఏ బీమా నిలవదని పోయిన సెమిస్టరులో తనే పది మార్కుల జవాబు రాసింది. పదికి తొమ్మిదిన్నర వచ్చింది. కోదండాన్ని బండరాయి అని తిట్టుకునే వీలు కూడా ఆ చదువు ఆమెకు మిగల్చలేదు. ఇటు తిరిగి వచ్చేసింది.

శవాల బండి డ్రైవరుకు ఫోన్ చేసింది. రోడ్డు దాకా మోయడానికి మనుషులు లేరని ఆమె రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అతనికి ఇది మామూలే. మనిషికి ఐదువందలు, వెదుళ్ళు వేరే అన్నాడు. అరగంటలో నలుగురిని వెంటబెట్టుకుని వచ్చాడు. ముందు డబ్బు ఇవ్వమన్నారు, ఫోనులోనే ఇచ్చింది. వాళ్ళు గబగబా పాడె కట్టారు. తల ఎటు పెట్టాలని బెంగాలీలో ఒకరినొకరు అడిగారు. పెద్దాయన పేరేమిటని ఎవరూ అడగలేదు. ముందు ఎడమ కొమ్ము పట్టినవాడు పొట్టి, అందుకని పాడె ఒకపక్కకు ఒరిగింది.

కొడుకు లేడు కాబట్టి నిప్పుకుండ సమీరే పట్టుకుంది. డప్పు లేదు. గల్లీలో అంతమంది నిలబడి ఉన్నా నలుగురు కూలివాళ్ళ చెప్పుల చప్పుడే వినిపిస్తోంది.

నాలుగడుగులు వేసిందో లేదో, వెనక జగ్గమ్మ గొంతు వినపడింది. ఏడుపు కాదు. ఆవిడ వరండా దిగి, గల్లీ దాటి, ఎదురింటి అరుగు దగ్గరకు వెళ్ళినట్టుంది.

"అన్నియ్యా, మా ఇల్లు మళ్ళీ సంఘంలో రాసుకో. ఈ నెల నుంచే కడతాను."

"కొత్తగా రాస్తే ఏడాది దాకా ఏటీ రాదు సెల్లెమ్మా" అన్నాడు కోదండం.

"ఏడాది దాకా నాను సావనులే. రాసుకో."

కోదండం గొంతు సవరించుకుని అడిగాడు.

"ఇంట్లో ఎంతమందని రాయను?"

"ఒక్కదాన్నే" అంది జగ్గమ్మ.

నిప్పుకుండ పట్టుకున్నవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు. సమీర చూడలేదు. పాడెకు ముందు నడుచుకుంటూ రోడ్డు మీదికి వెళ్ళిపోయింది.