పెద్దవీధిలో కూర్చున్నవాళ్ళు

మాలకొండమ్మ గంపను తన్నింది కూలీ కాదు, మేస్త్రీ కాదు. కాంట్రాక్టరు రంగనాయకులే స్వయంగా వచ్చి, తెల్లపంచె అంచు చేత్తో ఎత్తిపట్టుకుని, చెప్పుకాలితో తన్నాడు. కొత్తగా పరిచిన బండల మీద రొయ్యలు చెల్లాచెదురయ్యాయి. పక్కనే కూర్చున్న పిచ్చమ్మ చూసింది. బట్టలకొట్టు గుమాస్తా చూశాడు. కాఫీ హోటలు మెట్ల మీద నిలబడ్డవాళ్ళూ చూశారు. ఎవరూ మెట్లు దిగి రాలేదు.

"ఎన్నిసార్లు చెప్పాల మీకు? ఈ బాట నడిచేవాళ్ళ కోసం వేస్తండాం. గంపలు పెట్టుకుని కూర్చునేదానికి కాదు," అని రంగనాయకులు వెళ్ళిపోయాడు.

పిచ్చమ్మ వంగి రొయ్యలు ఏరసాగింది. యాభై దాటిన నడుము వంగితే మళ్ళీ లేవనంటుంది. ముప్పై ఏళ్ళుగా ఆమె తెల్లవారకముందే ఒడ్డున పడవ దగ్గర గంప ఎత్తుకుని, ఇసుక దాటి, ఉప్పుమళ్ళ గట్టు వెంబడి ఎనిమిది మైళ్ళు నడిచి ఈ టౌనుకు వస్తోంది. మధ్యాహ్నానికి మళ్ళీ ఎనిమిది మైళ్ళు వెనక్కి.

అది అరవైమూడో సంవత్సరం. పెద్దవీధిని అందంగా తీర్చిదిద్దాలని మునిసిపాలిటీ తీర్మానించింది. జట్కాలు, బండ్లు లోపలికి రాకూడదు. రెండువైపులా బండల నడకదారి, అక్కడక్కడ సిమెంటు బెంచీలు, పూలకుండీలు, ట్యూబులైట్లు. ఆ తీర్మానం కాగితం అడుగున ఇంకో మాట ఉంది. వీధిలో కూర్చుని అమ్ముకునేవాళ్ళంతా రైలుగేటు అవతలి ఖాళీ జాగాకు పోవాలి. గేటు అవతలంటే ఇంకో మైలున్నర. అక్కడ నీడ లేదు, నీళ్ళు లేవు. కొనేవాళ్ళు అసలే రారు.

నడకదారి వెయ్యడం తప్పని పిచ్చమ్మ ఎన్నడూ అనుకోలేదు. ఆ చదును బండ మీద మొదటిసారి కాలు పెట్టినప్పుడు ప్రాణం లేచివచ్చినట్టయింది. ఇన్నాళ్ళకు ఎవరో తమ కాళ్ళ గురించి ఆలోచించారనుకుంది.

మిషన్ బడి పంతులు జయకుమార్ వాళ్ళకు అర్జీ రాసిచ్చాడు. చేపలమ్మే ఆడవాళ్ళు పద్నాలుగుమంది మునిసిపల్ చైర్మన్ గారి ఇంటిముందు ఎండలో నిలబడ్డారు. ఆయన బయటికి రాలేదు. అర్జీని గుమాస్తా లోపలికి తీసుకుపోయాడు. రెండోసారి పోతే గేటే తియ్యలేదు. మూడోసారి ఎవరికీ పోబుద్ధి కాలేదు.

రొయ్యల గంపను తన్నిన రోజు, ఇంటిదారి పట్టబోతూ ఆడవాళ్ళు పెద్దవీధి చివర కాలవగట్టున ఆగారు. బండలు పరిచే రాళ్ళపనివాళ్ళ గుడిసెలు అక్కడే ఉన్నాయి.

"గేటు అవతలికే పోదాం మేయ్. వాళ్ళతో మనం పడలేం," అంది ఒకామె.

"ఈపొద్దు గంప తన్నినాడు. రేపు మనల్నే తంతాడు," అంది మాలకొండమ్మ. గుడిసె ముందు కూర్చున్న ఓబయ్యను చూసేసరికి ఆమెకు ఒళ్ళు మండింది. రాళ్ళపనివాళ్ళకు అతనే పెద్ద. "ఇదో, ఈయనే గదా బండలు పరిచింది. మా గంపలు ఎత్తి పారేసేది గూడా నువ్వేనా అన్నా?"

ఓబయ్య తలగుడ్డ సర్దుకుంటూ అన్నాడు. "అదే చెప్పినాడు కాంట్రాక్టరు. రేపు చైర్మన్ వచ్చి రిబ్బను కోస్తాడంట. పొద్దున్నే మిమ్మల్ని లేపెయ్యమన్నాడు."

"లేపుతావా?"

"పని అయిపోతానే ఈ గుడిసెలు గూడా పీకెయ్యమన్నాడు అమ్మే. బెంచీల మీద కూర్చున్నోళ్ళకి మేం అగపడతామంట."

పిచ్చమ్మ గట్టు మీద చతికిలబడి అరికాళ్ళు ఒత్తుకుంటోంది.

"నడిచేవాళ్ళ కోసం బాట అన్నాడు. ఈ టౌన్లో మనకంటే నడిచినోళ్ళు ఎవురుండారు?" అందామె నెమ్మదిగా. "నేనింక నడవలేను. గేటు దాకా గూడా నడవలేను. రేపొచ్చి ఆడనే కూర్చుంటా. ఎవురు లేపినా లెయ్యను. ధైర్యం కాదు మేయ్, ఓపిక లేదు."

మాలకొండమ్మ ఆమె పక్కకు జరిగి అంది. "అయితే నేనూ నీ పక్కనే కూర్చుంటా."

ఒకరి తరవాత ఒకరు ఆ మాటే అన్నారు. ఓబయ్య మాత్రం లేచి గుడిసెలోకి పోయాడు.

మర్నాడు వీధికి తోరణాలు కట్టారు. మైకు మోగుతోంది. పద్నాలుగు గంపలు ఎప్పటిచోటే దిగాయి. చైర్మన్ కారు వీధి మొదట్లో ఆగగానే రంగనాయకులు పరుగున వచ్చాడు.

"ఓబయ్యా, చూస్తా నిలబడినావేంది? లేపు వీళ్ళని."

ఓబయ్య పిచ్చమ్మ దాకా నడిచాడు. గడ్డపార కింద పెట్టాడు. తలగుడ్డ విప్పి బండ మీద పరుచుకుని ఆమె పక్కన కూర్చున్నాడు. "మేం పరిచిన బండే గదయ్యా. కొంచెంసేపు కూర్చుంటాం," అన్నాడు. వెనకాలే అతని మనుషులంతా, ఆడా మగా, వరసగా కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. లాఠీ పిచ్చమ్మ భుజం మీద పడింది. రెండో దెబ్బకు ఓబయ్య చెయ్యి అడ్డుపెడితే అతని మణికట్టు విరిగింది. "ముసలామెను కొడతారెందుకయ్యా?" అంటూ బట్టలకొట్టు గుమాస్తా మెట్లు దిగి వచ్చాడు. అతని వెనక హోటలు మెట్ల మీది జనమూ దిగారు. చైర్మన్ కారు వెనక్కి తిరిగింది. పోలీసులు పిచ్చమ్మను, ఓబయ్యను వ్యాన్‌లో వేసుకుపోయారు. ఆమె నడవనంటే నలుగురు మోసుకుపోవాల్సి వచ్చింది.

మర్నాడు ఉదయం స్టేషన్ ఊడ్చడానికి మునిసిపాలిటీ పాకీమనిషి రెబెక్కమ్మ వచ్చింది. లాకప్ ముందు ఊడుస్తూ, తల ఎత్తకుండా చెప్పింది.

"అక్కా, ఈపొద్దు మూడు పల్లెల గంపలొచ్చినాయి. కూరగాయలోళ్ళు గూడా కూర్చున్నారు. వీధి చాలడం లేదు."

"ఓబయ్యన్న?"

"ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టినారు. ఆయన మనుషులు మాత్రం ఆడనే ఉండారు."

ఇన్స్పెక్టరు ఒక కాగితం, సిరా పెట్టె పట్టుకుని వచ్చాడు. "వేలిముద్ర వేసి ఇంటికి పో."

"ఏముండాది సారూ దాంట్లో?"

"ఇంకెప్పుడూ పెద్దవీధిలో కూర్చోనని."

పిచ్చమ్మ బొటనవేలు మడిచి గుప్పిట బిగించింది. "ఎట్ట వేసేది సారూ? మావాళ్ళంతా ఆడ కూర్చోనుండారు."

"వెయ్యకపోతే ఇక్కడే పడి ఉంటావు."

"ఉంటా."

రెబెక్కమ్మ చీపురును గోడకు ఆనించింది. కొంగుతో ముఖం తుడుచుకుని, ఊచలకు ఇవతల పిచ్చమ్మకు ఎదురుగా నేల మీద కూర్చుంది.

"నీకేమయింది? లేచి ఊడువు," అన్నాడు ఇన్స్పెక్టరు.

ఆమె లేవలేదు.