తోలుపట్టాలో అడుగులు

జనార్దనస్వామి కొండ మీద తొలిగంట మోగే వేళకి ధవళేశ్వరంలో కాలవగట్టు వీధి ఎలా ఉంటుందో మీరు చూసే ఉంటారండి. బుల్లెమ్మ ఇడ్లీ పొయ్యి ముట్టిస్తుంది. ఇరిగేషన్ ఆఫీసు గేటు తెరుచుకుంటుంది. బుల్లెమ్మ పక్క కొట్లో సూరమ్మ కిటికీ ఊచకి తోలుపట్టా తగిలించి, కింది కొసని ఎడంచేత్తో బిగలాగి పట్టుకుని, మంగలికత్తి దానిమీద పడుకోబెట్టి నూరుతుంది. ముందు కత్తి వీపు నడవాలి, వెనకాల పదును రావాలి. కొసకి వచ్చాక వీపు మీదే దొర్లించి తిప్పాలి. పదును మీద తిప్పారో, తోలు తెగి కూర్చుంటుంది.

అంతా సరిగ్గానే చేస్తుంది సూరమ్మ. గెడ్డం గీసే మనిషే లేడు. ఆవిడ భర్త సత్తియ్య పోయి అప్పటికి ఏడాది కావస్తోంది.

ఆ తోలు సత్తియ్య రాజమండ్రి వెళ్లి ఏరి తెచ్చుకున్నది. పొద్దున అక్కడి తోళ్ల కొట్లో కూర్చున్నవాడు మధ్యాహ్నం దాకా లేవలేదట. నున్నగా మెరిసేవన్నీ పక్కన పెట్టేశాడు. అరచేయి వేసి లాగితే ఊరికే జారిపోకూడదు, ఓ క్షణం చేతిని పట్టుకుని అప్పుడు వదలాలి, అలాంటి తోలు కావాలన్నాడు. పెళ్లిచూపులకైనా ఇంతసేపు కూర్చున్నావా అని కొట్టాయన విసుక్కుంటే, అక్కడ మా అమ్మ చూసిందండి, ఇది నేను చూసుకోవాలి అన్నాడట. పట్టాకి పోగా మిగిలిన తోలు ఏళ్ల తరబడి దాచి, ఆఖరున దాంతోనే చెప్పులు కుట్టించుకున్నాడు. వాటిలో కుడికాలిది కిర్రుమనేది.

స్వామి దయ ఎవరికి ఏ రూపంలో ఉంటుందో మనకేం తెలుసండి. పొద్దున్నే ఆ పట్టా మీద కత్తి ఆడితే, ఆ రోజు కుర్చీలో కూర్చోబోయేవాళ్ల అడుగులు అందులో పలికేవి. దారినపోయేవాళ్లవి కాదు, కబుర్లకొచ్చేవాళ్లవీ కాదు. మెడకి తువ్వాలు చుట్టించుకునేవాళ్లవే. వీధిలో అందరికీ అది మామూలు. ఇవాళ నా అడుగులు పలికాయా సత్తియ్యా, లేకపోతే రేపొస్తాను అని సైకిలు ఆపకుండానే అడిగి పోయే గుమాస్తాలుండేవారు.

ఆయనకి రెండు కత్తులు. ఒకటి ఆయన చేతిలో ఆడుతుంటే రెండోది సూరమ్మ నూరేది. ఆయన పోయాక రెండూ తనే నూరుతోంది. తోలు బిరుసెక్కకూడదని అప్పుడప్పుడూ చుక్క నూనె అద్ది అరచేత్తో రుద్దుతుంది. జనం సగం బ్లేడు పెట్టి గీసే సెలూన్లకి అలవాటుపడ్డారు. పట్టా ఏడాదిగా ఒక్కరి అడుగూ పలకలేదు. రోజంతా ఆవిడకి ఎదురుగా అద్దం, అద్దంలో ఖాళీ కుర్చీ. ఒక్కోరోజు పొద్దుగూకేసరికి, తన గొంతు తనే విని ఎంతసేపైందో అనిపించి, దేవుడి పటంతో రెండు మాటలు మాట్లాడేది.

మండపేటలో రైస్ మిల్లు లారీ నడిపే తమ్ముడు వీరబ్రహ్మం అప్పుడప్పుడూ వచ్చి, గుమ్మంలో నిలబడే పోరేవాడు. కొట్టు ఖాళీ చేసేసి తనతో వచ్చెయ్యమని. కొట్టు ఓనరుకీ చెప్పేశాడు, శుక్రవారం వ్యాను తెస్తానన్నాడు. అప్పటికి పట్టా పలక్కపోతే వస్తాలేరా అంది సూరమ్మ. అంతకంటే ఏం చెప్పగలదు?

బుధవారం పొద్దున కత్తి పట్టా మీద రెండుసార్లు ఆడిందో లేదో, కిర్రుమంది. ఆ వెనకే మెత్తగా ఇంకో అడుగు. మళ్లీ కిర్రు.

సూరమ్మ చెయ్యి ఆగిపోయింది. గోడవతల నుంచి బుల్లెమ్మ గరిటె పట్టుకునే వచ్చేసింది.

"అన్నయ్య నడకే వదినా."

"విన్నావా నువ్వు కూడా?"

"వినపడకేం. వస్తాడులే. ఏడాదైంది, గెడ్డం ఎంత మాసిందో ఏంటో."

ఇద్దరూ నవ్వలేదు. సూరమ్మ వాకిట్లో కళ్లాపి చల్లింది. కుర్చీ తుడిచింది. పటికముక్క కడిగి పెట్టింది. నీళ్లు కాచింది, చల్లారితే మళ్లీ కాచింది.

మధ్యాహ్నం వీధిలో నిజంగానే కిర్రుమంది. ఆవిడ తల ఎత్తలేదు. ముందు చెప్పులు చూసింది. ఆయనవే. పాదాలు మాత్రం ఆయనవి కావు.

అప్పుడు గుర్తొచ్చింది. పన్నెండో రోజున గొడుగూ చెప్పులూ దానమిస్తే, పంతులుగారు గొడుగు పుచ్చుకుని, ఈ కిర్రుచెప్పులతో నలుగురిళ్లకీ తిరగలేనమ్మా అన్నారు. రేవులో ఎవరో వట్టికాళ్లతో కూర్చునుంటే ఆ మనిషి ముందు పెట్టేసి వచ్చింది. మొహమైనా చూడలేదు.

వచ్చినాయన పేరు చంద్రరావు. రావులపాలెం మార్కెట్లో అరటిగెలలు మోస్తాడు. గెడ్డం గుండెల మీద పడుతోంది.

"మీరు ఈ చెప్పులు పెట్టి వెళ్లిన రోజు రేవుకి మా ఆవిడ అస్థికలు కలపడానికొచ్చానండి. అప్పట్నుంచీ గెడ్డం ముట్టుకోలేదు. ఇప్పుడు మనవడు నన్ను చూసి జడుసుకుంటున్నాడు. ఈ చెప్పులు ఎవరివని రేవులో వాకబు చేస్తే ఈ మంగలికొట్టు చెప్పారు, ఇక్కడే తీయించుకుందామని వచ్చాను." కొట్టంతా కలియచూశాడు. "ఎవరు గీస్తారండి?"

సూరమ్మ చాలాసేపు ఆ చెప్పుల్నే చూసింది. పొద్దుట్నుంచీ కూడగట్టుకున్న ఆశంతా వాటి మీదే ఉంది కదండీ, ఒక్కసారిగా ఎలా వదులుకోగలదు?

"కూర్చోండి," అంది.

ఆడమనిషి మగాడి గెడ్డం మీద కత్తి పెట్టడం ఆ వీధి ఎరగదు. బుల్లెమ్మ గుమ్మంలో నోటిమీద చెయ్యి వేసుకుంది. నీ పొయ్యి సంగతి చూసుకోవే అని సూరమ్మ గసిరింది. కత్తెరతో గెడ్డం కురచ చేసి, సబ్బు నురగ పట్టించి, స్వామిని తలుచుకుని కత్తి ఆనించింది. ఏడాదిపాటు రోజూ నూరిన కత్తి. తగిలిందో లేదో తెలియనంత మెత్తగా నడిచింది. లోపలి మొహం కొద్దికొద్దిగా బయటికొచ్చింది. చంద్రరావు అద్దంలో చూసుకుంటూ బుగ్గలు తడుముకున్నాడు.

లేచి చెప్పులు విప్పబోయాడు. తమవే కదండీ, ఉంచేసుకోండి, వట్టికాళ్లు నాకలవాటే అన్నాడు.

"ఇక్కడ విప్పేస్తే నాకింకెప్పుడూ వినపడవు," అంది సూరమ్మ. "వేసుకునే వెళ్లండి. గెడ్డం పెరిగినప్పుడల్లా రండి."

బస్సు దాకా కిర్రు వినపడుతూనే ఉంది. ఆవిడ గుమ్మం పట్టుకుని, అది అందనంత దూరం పోయేవరకూ నిలబడింది.

శుక్రవారం పొద్దున పట్టా మళ్లీ పలికింది. ఈసారి బరువైన నడక. ఏళ్ల తరబడి క్లచ్చి తొక్కిన ఎడంకాలు కొంచెం ఈడ్చుకుంటూ. సూరమ్మ నూరడం ఆపలేదు.

వ్యాను వచ్చి ఆగింది. వీరబ్రహ్మం చేతిలో తాళ్లతో గుమ్మం దగ్గరకొచ్చాడు.

"ఇంకా ఏమీ సర్దలేదేంటక్కా?"

సూరమ్మ తువ్వాలు దులిపి భుజాన వేసుకుంది. కుర్చీ అతనివైపు తిప్పింది.

"పొద్దున్నే నీ అడుగులు పలికాయిరా."

వీరబ్రహ్మం చెయ్యి దానంతటదే చెంప మీదికి పోయింది. రాత్రంతా డ్యూటీ చేసిన గెడ్డం, గరగరలాడింది. వ్యాను వైపోసారి చూశాడు, పట్టా వైపోసారి చూశాడు. తాళ్లు వాకిట్లో వదిలేసి, చెప్పులు విప్పి, వచ్చి కూర్చున్నాడు.